ఏసీ లేని డాబా ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలతో ఎండాకాలం గడపడం ఎలా?

మీరు ఖమ్మంలో పై అంతస్తులో ఉంటున్నామనీ, ఏసీ లేదనీ, ఒక ఇనుప కూలర్ మాత్రమే ఉందనీ రాశారు. బాబుకు నాలుగేళ్ళు, పాపకు ఏడాదిన్నర. మధ్యాహ్నం ఫోను చేతికిస్తే తప్ప ఇద్దరూ కుదురుగా ఉండడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. మాది కొత్తగూడెం. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మా ఊరికి కొత్త కాదు. నా పిల్లలిద్దరినీ ఇలాంటి డాబా ఇంట్లోనే పెంచాను, ఇప్పుడు బడికి వెళ్తున్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పిల్లల్ని చల్లగా ఉంచడం ఒక పని, ఆడించడం మరో పని అని విడదీయకండి. మధ్యాహ్నం పేచీలో సగం ఉక్కకూ దాహానికీ పెట్టేదే. ఒంటికి హాయిగా ఉన్న పిల్లలు గరిటె, గిన్నె ఇచ్చినా ఆడుకుంటారు. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఎంత ఖరీదైన బొమ్మ తెచ్చి ముందు పెట్టినా విసిరికొడతారు. అందుకే ఇంటితో మొదలుపెడతాను.

పై అంతస్తు ఇంటికి వేడి ఎక్కువగా దిగేది నెత్తిమీది స్లాబు నుంచే. పగలంతా ఎండను పీల్చుకుని, రాత్రి పొద్దుపోయేదాకా కిందికి వదులుతూనే ఉంటుంది. వీలైతే డాబా మీద తెల్లసున్నం వేయించండి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపితే త్వరగా రాలిపోకుండా నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానానికి మూలం కూడా ఇదే: తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది, లోపల కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది. అద్దె ఇల్లయితే యజమానిని అడిగి చూడండి, పెద్ద ఖర్చేమీ కాదు. సున్నం కలిపేటప్పుడు మాత్రం పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

కిటికీల సంగతి వేళను బట్టి ఉంటుంది. తెల్లవారుజామున అన్నీ బార్లా తెరవండి. బయటి గాలి వెచ్చబడటం మొదలవగానే, అంటే దాదాపు ఎనిమిది, తొమ్మిది మధ్య, కూలర్ పెట్టే కిటికీ తప్ప మిగతావి మూసేయండి. పడమటి కిటికీకి బయటివైపు గోనెపట్టా గానీ వట్టివేళ్ళ తడిక గానీ కట్టండి. లోపల ఎంత మందపాటి తెర వేసినా అంత ఫలితం ఉండదు, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులన్నీ బిగించేవాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. కూలర్ గాలిని చల్లబరిచేది నీరు ఆవిరవడం వల్ల. ఆ తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే కాసేపటికే గదంతా జిగటగా తయారవుతుంది. కిటికీ దగ్గర, బయటి గాలిని లాక్కునేలా పెట్టి, ఎదుటి తలుపు జానెడు తెరిచి ఉంచండి. మన వైపు పొడి ఎండకు అది చక్కగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉక్కపోత రోజున నీళ్ళ మోటారు ఆపి ఉత్త గాలి నడపడమే మేలు.

ఇనుప కూలర్ అన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. కూలర్ తాకి కరెంటు షాకుతో పసిపిల్లలు చనిపోయిన వార్త చదవకుండా మనకు ఎండాకాలం గడవడం లేదు. అది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే తప్పించగలిగిన చావు అది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఈ వారమే చూపించండి. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. పిల్లలు నేరుగా తాకకుండా ముందు ఒక చెక్క బల్ల అడ్డం పెట్టండి. వారానికోసారి తొట్టి పూర్తిగా వంపి, తోమి, ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్ళలోనే.

ఇక ఆటలు. మా ఇంట్లో ఎండాకాలపు ఆటలన్నిటికీ రాజు నీళ్ళ టబ్బు. స్నానాల గది గడప దగ్గర నీడలో వెడల్పాటి టబ్బులో బెత్తెడు నీళ్ళు పోసి, ఒక గరాటు, పాత టీ జల్లెడ, చిన్న చెంబు, రెండు ఖాళీ సీసాలు ఇవ్వండి. మీ బాబు సీసా నింపుతాడు, వంపుతాడు, మళ్ళీ నింపుతాడు. మనకు విసుగు పుడుతుంది గానీ వాడికి పుట్టదు. వంటింట్లోంచి ఒక నిమ్మకాయ, ఒక బంగాళాదుంప తెచ్చి, ఏది మునుగుతుందో ముందే చెప్పమనండి. నిమ్మకాయ తేలుతుంది, దుంప అడుగుకు పోతుంది. ఆ తర్వాత పుచ్చకాయ తెచ్చి వేయండి, దీనికి మాత్రం పెద్ద బకెట్ కావాలి. అంత బరువున్న కాయ తేలడం చూసి మా వాడు దాన్ని రెండు చేతులతో కిందికి నొక్కి, వదిలేసి, అది బుడుంగున పైకి లేచిన ప్రతిసారీ కేరింతలు కొట్టేవాడు. ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ ఆ నీళ్ళలో పడ్డాకగానీ ఆట ముగిసేది కాదు. ఆడిన నీళ్ళు పారబోయకుండా పొద్దువాలాక డాబా మీద చల్లితే స్లాబు త్వరగా చల్లారుతుంది.

పాప దగ్గర ఉన్నంతసేపూ మీ చేయి ఆమెకు అందేంత దూరంలో ఉండాలి. ఆ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే తమంతట తాము లేవలేరు, జానెడు నీళ్ళు కూడా ప్రాణం తీస్తాయి. తలుపు కొట్టారనో, పాలు పొంగుతున్నాయనో లేవాల్సి వస్తే పాపను చంకనేసుకునే లేవండి. ఆట అవగానే నీళ్ళు మూత ఉన్న బకెట్లోకి వంపేసి, టబ్బు బోర్లించాలి.

గోడకు రంగులు వేసే పాత బ్రష్షు ఒకటి, చెంబెడు నీళ్ళు ఇచ్చి, ఎండ తగిలే వాకిలి గోడ మీద బొమ్మలు వేయమనండి. సాయంత్రం ఐదు దాటాక గోడలో ఇంకా వేడి ఉంటుంది గానీ వాకిట్లోకి నీడ వస్తుంది. ఏనుగు బొమ్మ వేస్తే ముందు తోక మాయమవుతుంది, తర్వాత కాళ్ళు, లావుపాటి పొట్ట మాత్రం కాసేపు నిలుస్తుంది. నీళ్ళు ఎక్కడికి పోయాయని వాడే అడుగుతాడు. గోడ వేడికి ఆవిరైపోయాయని చెప్పండి, మన చెమట కూడా అలా ఆవిరైనప్పుడే ఒళ్ళు చల్లబడుతుందని చెప్పండి. నాలుగేళ్ళవాడికి అర్థమవుతుంది.

ఇంకొకటి మంచుగడ్డ ఆట. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, నాలుగు మల్లెపూలు, ఒక వేపాకు రెమ్మ, పెద్ద ప్లాస్టిక్ బొమ్మ ఒకటి వేసి రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించండి. మధ్యాహ్నం పళ్ళెంలో బోర్లిస్తే లోపల పూలు కనబడుతూ గడ్డ బయటికి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు చెంచాతో పోస్తూ, చిటికెడు ఉప్పు చల్లుతూ బొమ్మను విడిపించడం బాబు పని. ఉప్పు పడిన చోట గుంట పడుతుంది, వేలు పెట్టి చూసుకుంటాడు. పాప ఆ గడ్డను అరచేత్తో తట్టి, చేయి వెనక్కి తీసుకుని, మళ్ళీ తడుతుంది. వాళ్ళు నాకేలోపు గడ్డను తీసేయండి, చిన్న ముక్కలు గొంతులో పడకుండా చూడండి.

తాటిముంజలు వచ్చే రోజుల్లో ముంజలు కొట్టించుకున్నాక ఖాళీ కాయలు పారేయకండి. రెండు కాయలకు మధ్యలో ఒక పుల్ల గుచ్చి ఇరుసు చేసి, దానికి పంగల కర్ర ఆనించి తోస్తే బండి తయారు. మన తాతల నాటి నుంచి పల్లె పిల్లలు నడిపిన బండి ఇది, పొద్దున్నే డాబా మీద నడపడానికి దీన్ని మించింది లేదు. ముంజలు పాపకు ఇచ్చేటప్పుడు మాత్రం పొట్టు వలిచి, చెంచాతో బాగా చిదిమి పెట్టండి, జారుడుగా ఉంటాయి కాబట్టి ముక్కలుగా ఇవ్వవద్దు.

పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పంపే ప్రసక్తే లేదు. ఆ వేళ గది కాస్త చీకటిగానే ఉండనివ్వండి. టేబుల్ మీదుగా పాత నూలు చీర ఒక్కటి వదులుగా వేసి, రెండు వైపులా గాలి ఆడేలా వదిలితే పందిరి అవుతుంది. అందులో బొమ్మల పెళ్ళి చేయించండి. వెనకటి ఇళ్ళలో వేసవి సెలవుల్లో పెద్దవాళ్ళే దగ్గరుండి జరిపించిన వేడుక ఇది. పిలుపులు, పసుపు బియ్యం, విస్తరాకు ముక్కల్లో అటుకులు, బెల్లం అన్నీ ఉండాలి. ఒక మధ్యాహ్నంతో అయిపోదు, మర్నాడు అప్పగింతలు ఉంటాయి! పాప నిద్రపోయాక బాబుతో చింతపిక్కలు ఆడండి. కుప్ప పోసి ఊది, పక్కది కదలకుండా ఒక్కొక్కటి తీయాలి. అవి పాప నోట్లోకో ముక్కులోకో పోతాయి గనుక ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయడం కూడా ఆటలో భాగం చేయండి. అష్టాచెమ్మా ఇంకో ఏడాది ఆగితే బాబుకు బాగా వస్తుంది.

ఇద్దరికీ ఉదయం పెరుగు కలిపిన చద్దన్నం గానీ రాగిజావ గానీ, మధ్యాహ్నం పలుచటి మజ్జిగ, సాయంత్రం పుచ్చకాయ, ఇవి చాలు. దాహమని అడిగేదాకా ఆగకండి, ఆటలో పడితే పిల్లలు అడగరు. చిన్న గ్లాసుతో మాటిమాటికీ తాగించండి. కుండ నీళ్ళు మంచివే, కాకపోతే కాచి చల్లార్చినవి పోసి, కుండను రోజూ కడగాలి. బండి మీద అమ్మే ఐసు, ఐసు వేసిన చెరకు రసం వద్దు. వాంతులో విరేచనాలో అయితే ఓఆర్ఎస్ ఇవ్వాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపండి, అరలీటరులో కలిపితే మేలు కన్నా కీడు ఎక్కువ. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఈ సమాధానం చదివే వాళ్ళలో ఆరు నెలల లోపు బిడ్డ ఉన్న తల్లులుంటే, ఎంత ఎండైనా బిడ్డకు తల్లిపాలే చాలు, విడిగా నీళ్ళు పట్టనవసరం లేదు. తల్లి మాత్రం బాగా నీళ్ళు తాగాలి.

మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం, చాలాసేపు అసలు రాకపోవడం, ఏడిస్తే కన్నీళ్ళు లేకపోవడం, నోరు ఎండిపోవడం కనిపిస్తే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఒళ్ళు కాలిపోతూ, బిడ్డ మగతగా ఉండి పిలిస్తే పలకకపోయినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. జ్వరం మందు వేసి చూద్దామని ఆగవద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు బట్టలు విప్పి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడుపుతూ విసరండి. మగతలో ఉన్న బిడ్డకు నోట్లో ఏమీ పోయకూడదు.

ఫోను గురించి మీరు బాధపడుతూ రాశారు. ఇద్దరు పసివాళ్ళతో, ఆ ఎండలో, ఒక్కరే వంట చేసుకోవాల్సిన తల్లి ఫోను ఇస్తే నేను తప్పు పట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన దాని ప్రకారం మీ బాబు వయసుకు రోజుకు గంట మించకూడదు, రెండేళ్ళు నిండని పాపకు అసలు వద్దు. ఆ గంటను మీ వంట వేళకే కేటాయించండి. అప్పుడు పాపను మీ కళ్ళెదుట, పొయ్యికి దూరంగా, మూతలు, గరిటెలు ఇచ్చి కూర్చోబెట్టుకోవచ్చు. మిగతా వేళల్లో ఫోను అడిగితే టబ్బు గుర్తుచేయండి, చాలాసార్లు పనిచేస్తుంది.

రాత్రి పడుకోబెట్టేముందు ఇద్దరికీ మామూలు నీళ్ళతో స్నానం చేయించండి, మెడ మడతలు, చంకలు బాగా తుడవండి. చెమటకాయలకు పౌడరు దట్టంగా చల్లవద్దు, ఆ పొడి పిల్లల ఊపిరిలోకి పోతుంది. వదులైన నూలు చొక్కా వేసి గాలి తగలనిస్తే అవే తగ్గుతాయి. చీర ఉయ్యాలలో గుడ్డ నాలుగువైపులా కప్పేసి గాలి ఆడదు, పాపను గచ్చు మీద చాప పరిచి, పైన పలుచటి పంచె వేసి పడుకోబెడితే చల్లగా ఉంటుంది. కరెంటు పోతే వాడుకోవడానికి తాటాకు విసనకర్ర తలదగ్గర ఉంచుకోండి, నీళ్ళు చిలకరించి విసిరితే గాలి ఇంకా చల్లగా వస్తుంది. రోహిణి కార్తె జూన్ మొదటి వారం దాటేదాకా ఉంటుంది కాబట్టి సున్నం పని మాత్రం ఇప్పుడే చేయించండి.