పాత కారు ఏసీలో ఆర్-12 గ్యాస్ బదులు ఆర్-134ఏ గ్యాస్ నింపవచ్చా?

నింపవచ్చు, కానీ గ్యాస్ ఒక్కటే మారిస్తే కుదరదు. 1990ల మొదట్లో వచ్చిన కార్లలో ఉండే ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని దాని తయారీ ఆపేశారు. అసలు చిక్కు ఆయిల్‌తోనే. ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కలవదు. ఆ ఆయిల్ తిరిగి కంప్రెసర్‌కు (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) సరిగా చేరక, కంప్రెసర్ తిరగకుండా పట్టేస్తుంది. అందుకే పాత గ్యాస్‌ను మెషిన్‌తో లాగించి (గాల్లోకి వదలనివ్వకండి), పాత ఆయిల్ తీయించండి. కొత్తది ఎస్టర్ ఆయిల్ అయితే నయం, లోపల మిగిలిపోయిన పాతదాన్ని తట్టుకుంటుంది. డ్రయ్యర్ (తేమను పీల్చే డబ్బా), ఓ-రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు రింగులు) మార్చి, వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగించాకే గ్యాస్ ఎక్కించాలి. అదీ పాత గ్యాస్ బరువులో 80-90 శాతమే. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది. మే ఎండలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మునుపటంత చల్లగా ఉండకపోవచ్చు. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంటే ముందు దాని సంగతి చూడండి.