ఆక్రమిత ఊళ్లో సైనికుడూ పౌరుడూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

యుద్ధంలో గెలిచిన సైన్యం వెనక్కి వెళ్లకుండా ఆ దేశంలోనే ఉండిపోతే అంతర్జాతీయ చట్టం దానికి ఏ బాధ్యతలు పెడుతుందో కిందటి నెల ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చట్టాన్ని వదిలేసి మనుషుల సంగతి అడిగాయి. పరాయి సైనికుడూ ఆ ఊరి మనిషీ రోజూ ఒకే వీధిలో ఎదురుపడుతూ ఎలా మసలుకున్నారన్నదే వాటి సారాంశం. అందులో ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు అమెరికా సైనికులు జర్మన్ పిల్లలకు చాక్లెట్లు పంచుతున్న ఫొటోలు చూశాను. అదే సైన్యం జర్మన్లతో మాట్లాడవద్దని తన సైనికులను కట్టడి చేసిందని ఇంకోచోట చదివాను. ఈ రెండింటిలో ఏది నిజం? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: రెండూ నిజమే. 1944 సెప్టెంబరులో అమెరికా దళాలు జర్మనీ సరిహద్దు దాటగానే, మిత్రపక్షాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ స్థానికులతో చెలిమిని నిషేధించారు. జర్మన్లతో చేయి కలపడం, వాళ్ల ఇళ్లకు వెళ్లడం, కలిసి తాగడం, ఆటలాడటం అన్నీ తప్పే. దొరికితే 65 డాలర్ల జరిమానా. మామూలు సైనికుడి నెల మూలవేతనం 50 డాలర్లు ఉన్న రోజులవి. అప్పట్లో పేరుమోసిన ఒక రేడియో క్విజ్‌లో ఆఖరి ప్రశ్న విలువ 64 డాలర్లు కావడంతో, దారిలో కనిపించిన అమ్మాయిని పలకరించాలా వద్దా అన్న సందిగ్ధానికి సైనికులు ‘65 డాలర్ల ప్రశ్న’ అని పేరు పెట్టుకున్నారు.

ఈ నిషేధం ముందుగా ఓడిపోయింది పిల్లల దగ్గరే. చేయి చాపి వెంటపడే ఆరేళ్ల పిల్లవాడిని శత్రువుగా చూడమంటే ఇరవై ఏళ్ల కుర్రవాడి వల్ల అయ్యే పని కాదు. 1945 జూన్‌లో చిన్నపిల్లలను మినహాయించారు, జులైలో పెద్దవాళ్లతోనూ వీధుల్లో మాట్లాడుకోవచ్చన్నారు, అక్టోబరు వచ్చేసరికి నిషేధాన్ని దాదాపుగా ఎత్తేశారు. పెళ్లికి మాత్రం 1946 డిసెంబరు దాకా అనుమతి రాలేదు. సైనికులు అప్పటికే చేస్తున్నదాన్ని ఆజ్ఞ ఆలస్యంగా ఒప్పుకుంటూ పోయిందే తప్ప, ఆజ్ఞ మారాక వాళ్లు మారలేదు.

అయితే ఆ ఫొటోలు చూసి అక్కడ జరిగిందంతా స్నేహమే అనుకోవద్దని నా మనవి. 1948 జూన్‌లో కొత్త మార్కు వచ్చేదాకా జర్మనీలో పాత నోట్లకు విలువ పడిపోయి, నల్లబజారులో సిగరెట్టే డబ్బుగా చెలామణి అయింది. సైనికుడు జేబులోంచి తీసిచ్చే సిగరెట్టు పెట్టె అతనికి లెక్కలోకి రాని వస్తువు, పుచ్చుకునే కుటుంబానికి మాత్రం కొన్ని రోజుల తిండి. ఒకరి చేతిలో తుపాకీ, తిండి రెండూ ఉండి, ఎదుటివారి చేతిలో ఏదీ లేనప్పుడు, ఇచ్చినవాడి మనసు ఎంత మంచిదైనా ఆ ఇవ్వడం ఇద్దరు సమానుల మధ్య జరిగిన వ్యవహారం కాలేదు. కింది జవాబుల్లోనూ ఈ మాటే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ప్రశ్న: ఆక్రమించిన సైన్యం ఇళ్లలోని గుర్రాలు, ధాన్యం, బండ్లు తీసుకుని రసీదు ఇచ్చేదని విన్నాను. దోచుకునేవాడు రసీదు ఎందుకిస్తాడు? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: ఆ రసీదు దోపిడీ కాదని చూపించుకోవడానికే. యుద్ధంలో సైన్యాలు పాటించవలసిన నియమాలైన 1907 నాటి హేగ్ నిబంధనల్లో 47వ అధికరణం దోపిడీని పూర్తిగా నిషేధిస్తుంది, 46వది ప్రైవేటు ఆస్తిని జప్తు చేయరాదంటుంది. 52వ అధికరణం మాత్రం ఆక్రమణ సైన్యం అవసరాల మేరకు, ఆ ప్రాంతపు స్తోమతును మించకుండా, వస్తువులూ సేవలూ తీసుకోనిస్తుంది. వీలైనంతవరకు అక్కడికక్కడే డబ్బు చెల్లించాలి, లేకుంటే రసీదు రాసిచ్చి ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా బాకీ తీర్చాలి.

అసలు కిటుకు రసీదులో కన్నా డబ్బులోనే ఎక్కువగా ఉండేది. 1940లో ఫ్రాన్స్‌ను ఆక్రమించిన జర్మనీ ఒక మార్కుకు 20 ఫ్రాంకులని మారకపు రేటు విధించింది. మార్కు అసలు విలువకు అది చాలా ఎక్కువ. దాంతో జర్మన్ సైనికుడు దుకాణంలో అడుగుపెట్టి, మర్యాదగా పలకరించి, చెప్పిన ధర చెల్లించి, చేతినిండా సరుకులతో బయటికి వచ్చేవాడు. ఆ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద ఫ్రాన్స్ రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు జర్మనీకి కట్టవలసి వచ్చింది. అంటే ఫ్రెంచి దుకాణదారుకు అందిన సొమ్ము కూడా చాలావరకు ఫ్రాన్స్ ఖజానాదే. అరుపులూ బెదిరింపులూ లేకుండా దుకాణాల అరలు ఖాళీ అయ్యాయి.

ప్రశ్న: ఆయుధం పట్టని మామూలు జనం సైనికులతో మాట్లాడకుండా ఉండటాన్ని కూడా ప్రతిఘటన అంటారా? అది పిరికితనానికి పెట్టిన మంచి పేరు కాదా? (ఒక పాఠకుడు)

జవాబు: పిరికితనమే అయితే ఆక్రమించినవాడు దాన్ని పట్టించుకునేవాడు కాదు. 1940 ఏప్రిల్‌లో జర్మనీ చేతికి చిక్కిన నార్వేలో, ఓస్లో ట్రాముల్లో ఏం జరిగేదో చూడండి. కిక్కిరిసిన ట్రాములో జర్మన్ సైనికుడు ఒక సీట్లో కూర్చుంటాడు. అతని పక్కన ఉన్న మనిషి ఏమీ అనకుండా, అతని వైపు చూడనైనా చూడకుండా, లేచి నిలబడతాడు. ఆ సీటు ఖాళీగానే ఉంటుంది, జనం దాని చుట్టూ నిలబడే ప్రయాణం చేస్తారు. నేరమని వేలెత్తి చూపడానికి ఇందులో ఏముంది? అయినా సీటు ఉండగా కావాలని లేచి నిలబడటాన్ని తప్పుగా ప్రకటిస్తూ అధికారులు నోటీసులు అంటించవలసి వచ్చింది. కోటుకు కాగితాల క్లిప్పు పెట్టుకోవడం కూడా ‘మేమంతా ఒక్కటిగా ఉన్నాం’ అన్న గుర్తుగా పాకింది. 1942లో అలాంటి గుర్తుగానే మారిన ఎర్ర కుచ్చుటోపీలను సైతం నిషేధించారు. టోపీకి భయపడే స్థితికి వచ్చిన ప్రభుత్వం ఎంత ధీమాగా ఉందో మీరే ఊహించుకోండి.

మౌనం పాటించే వీలు అందరికీ ఒక్కలా ఉండదని కూడా చెప్పాలి. ట్రాములో లేచి నిలబడగలిగిన గుమాస్తాకు ఉన్న వెసులుబాటు, సైనికులకు భోజనం వడ్డించే హోటలు పనివాడికీ, వాళ్ల బట్టలుతికి పిల్లలను పోషించుకునే స్త్రీకీ లేదు.

ప్రశ్న: విముక్తి తరువాత శత్రు సైనికులతో సంబంధం పెట్టుకున్న ఆడవాళ్లకు గుండు గీయించి ఊరేగించారట. వాళ్లు దేశద్రోహులే కదా, జాలి ఎందుకు అని మా ఇంట్లో వాదన జరిగింది. మీరేమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: ఫ్రాన్స్‌లో 1944, 1945 సంవత్సరాల్లో సుమారు 20 వేలమంది స్త్రీలకు ఆ శిక్ష పడిందని చరిత్రకారుల అంచనా. అందరి మీదా ప్రేమ వ్యవహారపు ఆరోపణే లేదు. సరుకులు అమ్మారని, ఇరుగుపొరుగు మీద చాడీలు చెప్పారని కూడా పట్టుకున్నారు. అదే నేరాలు చేసిన మగవాళ్లకు వేరే శిక్షలు పడ్డాయి గానీ, తల గొరిగి వీధుల్లో తిప్పే శిక్షను దాదాపుగా ఆడవాళ్లకే కేటాయించారు. గుండు గీస్తున్నవాళ్లలో కొందరు ఆక్రమణ సాగినన్నాళ్లూ నోరు మెదపకుండా గడిపి, చివరి వారంలో చేతికి ప్రతిఘటన దళపు గుర్తు పట్టీ కట్టుకుని వీరులైనవాళ్లు.

ఇక ‘సంబంధం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నిజమైన ప్రేమలు లేకపోలేదు. ఆకలికి లొంగినవాళ్లూ, భయానికి లొంగినవాళ్లూ ఉన్నారు. 1945 వసంతంలో సోవియట్ సైన్యం బెర్లిన్‌లో ప్రవేశించినప్పుడు అత్యాచారాలు పెద్దయెత్తున జరిగాయి. ఎందరో చేతుల్లో పడేకన్నా ఒక అధికారి అండ చూసుకోవడం మేలని కొందరు స్త్రీలు తెగించారు. బయటినుంచి చూసేవారికి అదీ ‘సంబంధం’లాగే కనిపించింది. స్త్రీలను అత్యాచారం నుంచీ, వారి గౌరవంపై జరిగే ఏ దాడి నుంచైనా ప్రత్యేకంగా కాపాడాలని యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందపు 27వ అధికరణం స్పష్టంగా రాసుకోవలసి వచ్చింది ఇలాంటి అనుభవాల తరువాతే.

నార్వేలో జర్మన్ సైనికులకు పుట్టిన పిల్లలు 10 వేల నుంచి 12 వేలమంది ఉంటారని అంచనా. వారి తల్లుల్లో చాలామందిని యుద్ధం ముగిశాక విచారణ లేకుండా నిర్బంధించారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు. జర్మన్లను పెళ్లాడినవారిలో అనేకులు పౌరసత్వం పోగొట్టుకుని జర్మనీకి వెళ్లిపోవలసి వచ్చింది. నార్వే ప్రధాని ఎర్నా సూల్‌బర్గ్ ఆ స్త్రీలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది 2018 అక్టోబరులో. అప్పటికి వాళ్లలో బతికున్నవారు చాలా కొద్దిమంది. దేశ రహస్యాలు అమ్మినవారుంటే ఆ నేరానికి విచారించవచ్చు, అందులో నాకు వాదన లేదు. మీ ఇంటి వాదనలో మాత్రం నేను మీవైపో కాదో తెలియదు గానీ, ఆ స్త్రీల వైపే ఉన్నాను.

ప్రశ్న: ఇరాక్‌లో చెక్‌పోస్టుల దగ్గర కుటుంబాలతో వెళ్తున్న కార్ల మీద కాల్పులు జరిగాయన్న వార్తలు అప్పట్లో చదివేవాళ్లం. సైనికులు కావాలనే చేశారా? (ఒక పాఠకురాలు)

జవాబు: అలాంటి ఘటనల్లో చాలావాటికి క్రూరత్వం కన్నా భయమూ భాషా కారణాలు. 2003లో అమెరికా నాయకత్వంలో ఆక్రమణ మొదలయ్యాక కార్లలో బాంబులు పెట్టి చెక్‌పోస్టుల మీదికి తోలడం మామూలైంది కాబట్టి, వేగంగా వచ్చే ప్రతి బండీ సైనికుడి కంటికి బాంబే. అతను చెయ్యెత్తి అరచేయి చూపిస్తే ఆగమని అర్థం, డ్రైవరుకు అది పలకరింపుగానో, పొమ్మన్నట్టుగానో తోచవచ్చు. హెచ్చరికగా గాల్లోకి కాలిస్తే, ఎవరో తమ మీద కాలుస్తున్నారనుకుని ప్రాణభయంతో బండి వేగం పెంచినవారున్నారు. ఆ వేగమే సైనికుడి అనుమానాన్ని ఖాయం చేసేది. అంతా కొన్ని క్షణాల్లో అయిపోయేది. ఇద్దరూ భయపడ్డారు నిజమే, చనిపోయింది మాత్రం దాదాపు ఎప్పుడూ కారులో ఉన్నవాళ్లే.

మాట కలిపే దుబాసీ ఉన్నచోట పరిస్థితి కొంత నయంగా ఉండేది. కానీ ఆ దుబాసీ స్థానికుడే. ఊళ్లో ఎవరైనా గుర్తుపడితే ఇంటిల్లిపాదికీ ప్రమాదమని ముఖానికి ముసుగు వేసుకుని పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ముసుగు వేసుకున్న మనిషి చెప్పేమాటను తలుపు తీసిన గృహస్థు ఎంతవరకు నమ్ముతాడు?

పొరపాటున పౌరుడు మరణిస్తే అమెరికా సైన్యం మామూలుగా 2,500 డాలర్ల దాకా సానుభూతి సొమ్ము ఇచ్చేది, తప్పు తమదని ఒప్పుకుంటున్నట్టు కాదన్న షరతుతో. సైనికుల వల్ల విదేశీ పౌరులకు కలిగే నష్టానికి పరిహారమిచ్చే చట్టం ఆ దేశానికి 1942 నుంచీ ఉంది గానీ, పోరాటంలో జరిగిన నష్టం దాని పరిధిలోకి రాదు. చెక్‌పోస్టు దగ్గరి కాల్పులను పోరాటంగా లెక్కగట్టాలా వద్దా అన్నది కాల్చిన సైన్యమే తేల్చేది. అందువల్ల చాలా కుటుంబాలకు చట్టం ప్రకారం దక్కవలసిన పరిహారం దక్కలేదు, ఒక అధికారి ఇంటికొచ్చి చేతిలో పెట్టిన కవరే మిగిలింది.