అయిదు వాట్లతో కొండెక్కే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. హామ్ రేడియో (సరదాకి నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ చేతికొచ్చిందనీ, ఆదివారం రేడియో పట్టుకుని అనంతగిరి కొండలకు పోతావనీ అక్క చెప్పింది. వెళ్ళిరా. అయిదు వాట్లు చాలవేమోనని పెద్ద రేడియో కొనే ఆలోచన మాత్రం మానుకో. 100 వాట్ల నుంచి 5కి దిగితే తగ్గేది 13 డెసిబెల్సే. సిగ్నల్ బలం చూపే అవతలివాళ్ళ మీటర్లో ఎస్9 చూపించేది ఎస్7కి కాస్త కిందకి వస్తుంది, అంతే. ఆ ఓపికేదో యాంటెన్నా వైరు మీద పెట్టు.

40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండుకి డైపోల్ యాంటెన్నా అంటే అటు పది, ఇటు పది మీటర్ల మామూలు వైరు. కాస్త పొడుగ్గానే తీసుకెళ్ళు, అక్కడ కత్తిరించడం తేలిక, అతికించడమే చిరాకు. కొమ్మ మీదికి తాడు విసరడానికి రాయి కట్టకు, పంగలో ఇరుక్కుంటే ఇక రాదు. సగం నీళ్ళున్న చిన్న సీసా కట్టు. సన్నటి నైలాన్ తాడును చిక్కు లేకుండా నేలమీద పరిచి, కింది నుంచి ఊపి వదులు. సీసా బరువుకి తాడు దానంతటదే దిగొస్తుంది. మధ్యభాగం ఆరేడు మీటర్ల ఎత్తుకు లాగు. చివర్లలో వోల్టేజ్ ఎక్కువ, అవి ఎవరి చేతికీ అందకూడదు. కరెంటు తీగల దరిదాపులకే పోకు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) 1.5 లోపుంటే చాలు, 1.1 కోసం పొద్దంతా పాడు చేసుకోకు.

ఎత్తు తక్కువైందని దిగులొద్దు. సిగ్నల్ నిటారుగా పైకెళ్ళి, అక్కడి వాతావరణ పొర అయనోస్ఫియర్ నుంచి తిరిగొస్తుంది, పగటిపూట బెంగళూరు, నాగపూర్ అందుతాయి. విదేశాల సరదా ఉంటే 20 మీటర్ల బ్యాండు చూడు.

కొండ మీద ఇంకో తిరకాసుంది. అక్కడ ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు రేడియోలో పుట్టించే రొద ఉండదు కాబట్టి నీకు అందరూ వినిపిస్తారు. నువ్వు మాత్రం సిటీవాళ్ళకి వాళ్ళింటి రొదలో మునిగిపోతావు. అందుకే సీక్యూ సీక్యూ ('ఎవరైనా ఉన్నారా' అనే పిలుపు) అని గొంతు చించుకోకు. గట్టిగా వినిపించే స్టేషన్ సీక్యూ పిలిచి ఆగగానే, నీ కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరు) ఒక్కసారి నిదానంగా చెప్పు.

లైసెన్స్ కాపీ జేబులో పెట్టుకో, వైర్లు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. దూరంగా ఉరుము వినపడినా సరే, అన్నీ సర్దేసి దిగిపో.

పదింటికి 7.090 మెగాహెర్ట్జ్ దగ్గర వింటుంటాను. మా వీధిలో నాయిస్ ఎక్కువ, నేను పలక్కపోతే నీ యాంటెన్నా విప్పి మళ్ళీ కట్టకు.

మామయ్య