చిన్న పాత్రని చంపేటప్పుడు

తమ్ముడూ,

నీ కథ చదివాను, హీరో బానే ఉన్నాడు, వాడి జోలికి పోను. నాకు అడ్డం పడింది ఆ బ్యాంకు గార్డు. ఇలా వస్తాడు అలా పోతాడు, ఆ కాస్తలోనే వాడికి జబ్బు చెల్లి, చిరిగిన చెప్పులు, తీరని అప్పులు అన్నీ తగిలించేశావ్, ఏడవండి ఏడవండి అని మా వెంట పడ్డట్టు. ఏడుపు రాలేదు సరికదా త్వరగా పోతే బావుణ్ణు అనిపించింది.

ఒక పని చెయ్యి, ఇలియడ్ 11వ భాగం తియ్యి, అదే, ట్రాయ్ నగరం మీద గ్రీకుల యుద్ధం గురించి హోమర్ చెప్పిన పాత గ్రీకు కావ్యం. అందులో ఇఫిడమస్ అని ఒక కుర్రాడుంటాడు, ట్రాయ్ పెద్దమనిషి ఆంటెనార్ కొడుకు. ఆ రోజు గ్రీకుల మహారాజు అగమెమ్నాన్ అడ్డొచ్చినవాళ్ళందర్నీ నరుక్కుంటూ పోతున్నాడు, సరిగ్గా అప్పుడు హోమర్ ఆగి, ఇతనికి మొదట ఎదురు నిలిచిందెవరో చెప్పండమ్మా అని కళాదేవతల్ని అడుగుతాడు. అంత పెద్ద ఎంట్రీ ఎవరికో అనుకుంటే ఈ కుర్రాడికి! సీను మొత్తం నలభై చిల్లర లైన్లు.

ట్రాయ్‌కి దూరంగా థ్రేస్ అనే దేశంలో అమ్మ తండ్రి కిస్సెస్ దగ్గర పెరిగాడు, తాత మనవణ్ణి అక్కడే ఉంచేసుకుందామని తన కూతుర్నే ఇచ్చి పెళ్లి చేశాడు (అంటే వరసకి పిన్ని, మన పెద్దాళ్ళు వింటే చెవులు మూసుకుంటారు, అదలా ఉంచు). పెళ్లయిందో లేదో యుద్ధం కబురొచ్చింది, 12 ఓడలతో బయల్దేరి వాటిని దారిలో పెర్కోటే అనే ఊళ్ళో వదిలేసి నడుచుకుంటూ ట్రాయ్ చేరాడు. అగమెమ్నాన్ నడుం పట్టీ మీద ఈటెతో పొడిస్తే వెండికి తగిలి మొన సీసంలా వంగిపోయింది, అగమెమ్నాన్ ఆ ఈటెనే పట్టి లాక్కుని కత్తితో మెడ మీద కొట్టాడు. అంతే.

ఇప్పుడు చూడు. పడిపోయిన కుర్రాడి గురించి హోమర్ చెప్పేది కన్యాశుల్కం లెక్క. 100 ఎడ్లు ముందే ఇచ్చేశాడు, మేకలూ గొర్రెలూ కలిపి ఇంకో 1000 ఇస్తానని మాటిచ్చాడు. ఆ పెళ్లాంతో సుఖపడిందేమీ లేదు. పాపం అని ఒక్క మాట అంటాడు గానీ ఆమె ఏడ్చినట్టు ఒక్క లైను కూడా రాయడు, ఆ ఎడ్ల లెక్కే నన్ను పట్టుకుంది. నీ గార్డుకి కూడా అలాంటిది ఒక్కటి చాలు, వాడి బతుకులోంచి వచ్చింది, సగంలో ఆగిపోయింది. మిగతావి కొట్టెయ్.

ఇంకోటి, ఇది చాలామంది మిస్సవుతారు. ఆ చావు కథని కదుపుతుంది. ఇఫిడమస్ అన్న కోఆన్ పక్కనుంచి వచ్చి అగమెమ్నాన్ మోచేతి కింద ఈటె దించి, తమ్ముడి శవాన్ని కాలు పట్టి లాక్కెళ్తూ సాయం కోసం అరుస్తుంటే అగమెమ్నాన్ పొడిచి, ఆ తమ్ముడి మీదే తల నరికేస్తాడు. కాసేపటికి గాయం ఆరి నొప్పి మొదలవుతుంది, పురిటి నొప్పుల్లాంటి నొప్పి అంటాడు హోమర్, ఆ మహారాజు తట్టుకోలేక రథమెక్కి ఓడల దగ్గరికి పోతాడు. అతనలా వెళ్ళేదాకా ఆగమని ట్రాయ్ సేనాని హెక్టర్‌కి దేవతల రాజు జ్యూస్ ముందే కబురు పంపాడు, అది చూడగానే హెక్టర్ ట్రాయ్ సైన్యాన్ని ఎగదోస్తాడు. మరి నీ గార్డు పోతే కథలో ఎవడికి పనాగింది? మేనేజర్ మర్నాడు కూడా అదే టైముకి టీ తాగుతున్నాడు.

అందుకని చెల్లెల్ని తీసెయ్, మేనేజర్ సీను మార్చు, తర్వాత పంపు చూస్తా.