దూరపు గురికి సొంత రైఫిల్ కట్టించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీది జడ్చర్ల అన్నారు, విడిభాగాలు కొని రైఫిల్ కట్టించుకోవాలని ఉంది, ఏ బ్యారెల్, ఏ స్కోపు మంచివని అడిగారు. నేను నల్లగొండవాడిని, హైదరాబాద్‌ వెళ్లి పది మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే పది మీటర్ల దూరంలోని గురిని గాలి ఒత్తిడితో పేలే రైఫిల్‌తో కొట్టే పోటీ విభాగం, నేర్చుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

విడిభాగాలతో తుపాకీ కట్టే ఆలోచన మానుకోండి. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, మార్చడం, మరమ్మతు చేయడం కూడా 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. 20 జౌళ్ల శక్తికి, 0.177 అంగుళాల గొట్టపు లోపలి వ్యాసానికి మించని ఎయిర్ రైఫిల్‌కు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. పోటీలో వాడే 4.5 మిల్లీమీటర్ల రైఫిల్ ఈ లెక్కలోకే వస్తుంది. పది మీటర్లేనా అని తీసిపారేయకండి. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. స్కోపు గొడవ కూడా లేదు. పోటీలో దాన్ని అనుమతించరు, కన్ను పెట్టి చూసే సన్నని రంధ్రమున్న డయాప్టర్‌తోనే గురి చూడాలి.

నా దృష్టిలో అసలు పని రైఫిల్‌ను మీ ఒంటికి అమర్చడం. దర్జీ కొలతలు తీసుకున్నంత ఓపిక దీనికి కావాలి. రైఫిల్ కోసం తల వంచకూడదు, తల నిటారుగా ఉన్నచోటికే రైఫిల్ రావాలి. ముందు భుజానికి ఆనే బట్ ప్లేట్ ఎత్తు, పొడవు సరిచేయండి. తర్వాత చీక్ పీస్. చెంప దానిమీద బరువుగా ఆనినప్పుడు, మెడ బిగబట్టకుండానే కన్ను డయాప్టర్ నడిమధ్యకు రావాలి. ఇందులో మిల్లీమీటరు తేడా వచ్చినా అరగంట తర్వాత మెడే చెబుతుంది. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు నిలబడాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ట్రిగ్గర్‌ను వేలి మొదటి కణుపు మెత్తని భాగంతో నేరుగా వెనక్కి నొక్కగలిగేంత దూరంలో పెట్టుకోండి.

అమరిక కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. నిలబడి గురి పెట్టండి, కళ్లు మూసుకుని ఒకటి రెండు శ్వాసలు తీసి వదలండి, కళ్లు తెరవండి. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగి సరిచేయకండి, పాదాలు కదపండి. పైకో కిందికో జరిగితే బట్ ప్లేట్ చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఏ మరను ఎంత తిప్పారో నోటు పుస్తకంలో రాసుకోండి.

పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న గుళ్లు, చివర. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తలకొలతల్లో దొరుకుతాయి. రైఫిల్‌ను బిగించి పరీక్షించి, మీ బ్యారెల్‌ నుంచి ఏ రకం గుళ్లు ఒకదానికొకటి దగ్గరగా పడుతున్నాయో చూసి అవే కొనండి.

రైఫిల్ ఇప్పుడే కొనకండి. మీ ఊరి నుంచి హైదరాబాద్‌కు బస్సులకు కొదవ లేదు, అక్కడి అకాడమీల్లో ముందు వాళ్ల రైఫిల్‌తోనే నేర్చుకోండి. మీ కొలతలు తెలిశాక పాతది కొన్నా ఇబ్బంది లేదు, గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే పోటీకి పనికిరాదు.