చెరువు పూడికలో పై పొరల ససెప్టిబిలిటీ పెరిగితే అది బూడిద కాలుష్యమేనా?

మీరు థర్మల్ విద్యుత్ కేంద్రానికి దగ్గరలోని చెరువులో మీటరు పొడవు కోర్ (గొట్టంతో నిలువుగా తీసిన పూడిక నమూనా) తీశారు. పై 20 సెంటీమీటర్లలో ససెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి నమూనా ఎంతగా స్పందిస్తుందో చెప్పే కొలత) అడుగు పొరలకు మూడింతలు వచ్చింది. దాన్ని బూడిద కాలుష్యంగా రాయవచ్చా అని అడిగారు. ఆ ఒక్క అంకెను బట్టి రాయకండి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి పూడికతోనే పని చేసి, తొందరపడి రాసిన ఒక పేరాను తర్వాత కొట్టివేయవలసి వచ్చింది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ససెప్టిబిలిటీ అంకెలో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి: అయస్కాంత ఖనిజం ఎంత ఉంది, అది ఏ ఖనిజం, దాని రేణువులు ఎంత పెద్దవి. మీ కోర్‌లో కనిపించిన పెరుగుదలకు కనీసం మూడు కారణాలు ఉండవచ్చు. బొగ్గులోని ఇనుప ఖనిజాలు కొలిమి వేడికి కరిగి గుండ్రని మాగ్నటైట్, హెమటైట్ (రెండూ ఇనుప ఆక్సైడ్‌లే) రేణువులుగా మారి బూడిదతో వచ్చి పడి ఉండవచ్చు. లేదా పరీవాహకంలో దున్నిన పొలాల పైమట్టి వానలకు కొట్టుకొచ్చి ఉండవచ్చు, ఎందుకంటే నేల ఏర్పడే క్రమంలో పైమట్టిలో అతి సన్నని మాగ్నటైట్, దాని ఆక్సీకరణ చెందిన రూపమైన మాగ్హమైట్ తయారవుతాయి. మూడో కారణాన్ని చాలామంది మరచిపోతారు. పైన ఏమీ పెరగకపోయినా అడుగున తగ్గి ఉండవచ్చు. ఆకులు, నాచు కుళ్లి ప్రాణవాయువు లేని బురదలో మాగ్నటైట్ కరిగిపోతుంది. రేణువు ఎంత సన్ననిదైతే దాని బరువుకు ఉపరితలం అంత ఎక్కువ కనుక, ముందుగా కరిగేది సన్ననిదే.

ఈ మూడింటినీ విడదీసేది ప్రధానంగా రేణువుల పరిమాణమే. మీ దగ్గర రెండు ఫ్రీక్వెన్సీల సెన్సర్ ఉంటే అదే మొదటి మెట్టు. ఒకే నమూనాను 0.465, 4.65 కిలోహెర్ట్జ్‌ల వద్ద కొలవాలి. ఉదాహరణకు మొదటి రీడింగ్ 85.0, రెండవది 78.2 వస్తే తేడా 6.8, అంటే 8 శాతం. మాగ్నటైట్ విషయంలో సుమారు 0.02 మైక్రోమీటర్ల చుట్టూ ఉండే సూపర్‌పారామాగ్నటిక్ రేణువుల (అయస్కాంతత్వాన్ని నిలుపుకోలేనంత సన్ననివి) వల్లే ఈ తేడా వస్తుంది. 2 శాతం లోపు ఉంటే అవి లేనట్టే లెక్క, 10 దాటితే వాటిదే పైచేయి. పైమట్టి వస్తే ఈ శాతం పెరగాలి, బూడిద వస్తే పడిపోవాలి, ఎందుకంటే బూడిద రేణువులు చాలావరకు మైక్రోమీటర్లలో ఉండే ముతకవి. ఒక హెచ్చరిక: రీడింగే చిన్నదైతే ఈ శాతానికి అర్థం లేదు. రెండు చిన్న అంకెల తేడాలో పరికరపు డ్రిఫ్ట్ (రీడింగ్ దానంతటదే నెమ్మదిగా జరగడం) కూడా కలిసిపోతుంది. ప్రతి నమూనాకు ముందూ వెనుకా ఖాళీ రీడింగ్ తీసుకోండి.

తర్వాతి మెట్టుకు ఏఆర్‌ఎం, ఎస్‌ఐఆర్‌ఎం అనే రెండు కొలతలు కావాలి. వీటికి పురా అయస్కాంత ప్రయోగశాల (రాళ్లలో, మట్టిలో నిలిచిన అయస్కాంతత్వాన్ని కొలిచేది) ఉన్న సంస్థకు నమూనాలు పంపవలసి ఉంటుంది. 100 మిల్లీటెస్లాల ఏసీ క్షేత్రాన్ని క్రమంగా తగ్గిస్తూ, దానిపై చిన్న డీసీ క్షేత్రాన్ని ఉంచితే నమూనాలో మిగిలే అయస్కాంతత్వమే ఏఆర్‌ఎం. నమూనాను సంతృప్తం చేసేంత బలమైన డీసీ క్షేత్రాన్ని ఇచ్చి తీసేశాక మిగిలేది ఎస్‌ఐఆర్‌ఎం. సుమారు 0.03 నుంచి 0.1 మైక్రోమీటర్ల మధ్య ఉండే సింగిల్ డొమైన్ రేణువులు (రేణువంతా ఒకే అయస్కాంతంలా ఉండేవి) దీనిని బాగా పట్టుకుంటాయి. ఏఆర్‌ఎంను ఎస్‌ఐఆర్‌ఎంతో భాగిస్తే పరిమాణంలోని మార్పు తెలుస్తుంది. పైగా అది నిష్పత్తి కావడం వల్ల సేంద్రియ పదార్థమో క్వార్ట్జో ఎక్కువై నమూనా పలుచబడినా పెద్దగా మారదు. అడుగు పొరల్లో ఈ నిష్పత్తి పడిపోయి, హెమటైట్ వాటా పెరిగినట్టు కనిపిస్తే, కరిగిపోవడాన్ని అనుమానించవలసిందే.

హెమటైట్ విషయంలో కంటిని నమ్మవద్దు. ఎర్ర నేలల పరీవాహకం కనుక పూడిక ఎర్రగా ఉంటే అంతా హెమటైటేనని అనిపిస్తుంది. కానీ కిలోకు మాగ్నటైట్ సంతృప్త అయస్కాంతత్వం 92 ఆంపియర్ చదరపు మీటర్లైతే హెమటైట్‌ది 0.4 మాత్రమే. బరువులో 1 శాతం హెమటైట్, దానిలో వందో వంతు మాగ్నటైట్ ఉన్న మట్టిలో కూడా సంతృప్త స్థితిలో మాగ్నటైట్ వాటాయే రెట్టింపుకు మించి ఉంటుంది. అందుకే 1 టెస్లా ఇచ్చిన తర్వాత వెనక్కి 300 మిల్లీటెస్లాలు ఇచ్చి, తిరగబడకుండా మిగిలిన గట్టి భాగాన్ని, అంటే ప్రధానంగా హెమటైట్ వాటాను, వేరుగా లెక్కించాలి.

ఇక నేను చేసిన తప్పు. నల్లని పొరల నమూనాలను ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టి కొలిచాను. అదే కోర్‌లో మిగిలిన సగం తడిగా, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉండిపోయింది. నెలల తర్వాత దానిని కొలిస్తే ఎస్‌ఐఆర్‌ఎం, ససెప్టిబిలిటీల నిష్పత్తి చాలా ఎక్కువ వచ్చింది. ఆ ఎక్కువ నిష్పత్తికి కారణం అందులోని గ్రెయిగైట్, అంటే అయస్కాంత గుణమున్న ఒక ఇనుప సల్ఫైడ్. సల్ఫేట్ తక్కువగా ఉండే మంచినీటి బురదలో ఇనుప సల్ఫైడ్ పైరైట్ దాకా వెళ్లకుండా ఈ దశలోనే ఆగిపోతుంది, గాలి, వేడి తగిలితే పాడవుతుంది. నా ఓవెన్ దానిని ముందే చెడగొట్టింది. అంతటితో ఆగలేదు. ఎండిన నమూనాను గాలిలోనే 700 డిగ్రీల దాకా వేడి చేసి, 580 వద్ద ఉష్ణోగ్రతతో ససెప్టిబిలిటీ మార్పును చూపే వక్రరేఖ పడిపోవడం చూసి మాగ్నటైట్ అని రాశాను. 580 మాగ్నటైట్ క్యూరీ ఉష్ణోగ్రతే (బలమైన అయస్కాంత గుణం పోయే ఉష్ణోగ్రత), అందులో సందేహం లేదు. కానీ చల్లారేటప్పటి రేఖ వేడెక్కేటప్పటి రేఖకన్నా ఎంతో పైన ఉంది, అంటే బంకమట్టిలోని ఇనుము నా కొలిమిలోనే మాగ్నటైట్‌గా మారింది. పరీక్షకులు ఆ రెండు రేఖల మధ్య ఖాళీని వేలితో చూపించినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆర్గాన్‌లో వేడి చేస్తే ఈ బెడద తగ్గుతుంది. వేడి చేయకుండా తేల్చుకోవాలంటే తక్కువ ఉష్ణోగ్రతలో మైనస్ 153 డిగ్రీల చుట్టూ కనిపించే వెర్వే మార్పు (స్ఫటిక నిర్మాణం మారి అయస్కాంత ధర్మాలు ఒక్కసారిగా మారడం) మాగ్నటైట్‌కు మంచి గుర్తు, అయితే సన్నని, కొంత ఆక్సీకరణ చెందిన రేణువుల్లో అది మసకబారుతుంది.

కనుక మీ దగ్గర మిగిలిన తడి కోర్‌ను వెంటనే చల్లగా, గాలి తగలకుండా దాచండి, ఆరబెట్టవలసి వస్తే 40 డిగ్రీలు దాటనివ్వకండి, ఇనుప గరిటె బదులు ప్లాస్టిక్‌ది వాడండి. చెరువు చుట్టూ పొలాల పైమట్టిని, వాగు ఇసుకను, దొరికితే ప్లాంటు బూడిదను కూడా అదే పద్ధతిలో కొలవండి. మీ ప్రాంతపు గ్రానైట్‌లో డోలరైట్ డైకులు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లని శిల పట్టీలు) ఉంటే వాటి నుంచి వచ్చే ముతక మాగ్నటైట్ అంకెల్లో బూడిదలాగే కనిపిస్తుంది, ఆ రెండింటినీ నిష్పత్తులు విడదీయలేవు. దానికి సులువైన దారి ఉంది. పై పొర నమూనాను నీటిలో కలిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బలమైన అయస్కాంతాన్ని అందులో తిప్పి, అంటుకున్న పొడిని మైక్రోస్కోప్ కింద పరచండి. బూడిదదైతే నున్నని నల్లని గోళీలు కనిపిస్తాయి. డైకుదైతే అంచులు తేలిన, పలకలు పలకలుగా ఉన్న ముక్కలు కనిపిస్తాయి.