కెనడా పాయింట్ల కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు: భీమవరం పాఠకుడికి సమాధానం

భీమవరం దగ్గర రొయ్యల మేత కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేస్తున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన వయసు 32. బీటెక్ చదివారు, తొమ్మిదేళ్ల అనుభవం, 52,000 రూపాయల జీతం. ఆయన భార్య వయసు 28. ఆమె ఎమ్మెస్సీ, బీఈడీ చేసి నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూలులో పూర్తికాలపు టీచరుగా ఉన్నారు, జీతం 14,000. మూడేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు నెలకు 39,000. బ్యాంకులో 1,90,000 ఉంది, మూడు లక్షల చీటీకి ఇంకా పదకొండు నెలలు కట్టాలి. పాలకొల్లు వైపు తండ్రి పేరిట అరెకరం కొబ్బరి తోట ఉంది, మరో రెండెకరాలు చెరువుకు కౌలుకిచ్చారు. పదిహేను నెలల క్రితం రాసిన ఐఈఎల్‌టీఎస్ జనరల్ అనే ఇంగ్లిషు పరీక్షలో లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5, స్పీకింగ్‌లో 7 వచ్చాయి. నాలుగు నెలల్లో 33 నిండితే వయసు పాయింట్లు తగ్గుతాయని, ఈలోపే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (వయసు, చదువు, భాష, అనుభవాలకు పాయింట్లిచ్చి వలసదారులను ఎంచుకునే పద్ధతి) దిగాలని ఒక ఏజెన్సీ తొందరపెడుతోంది. 14 లక్షల 50 వేలు ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆరు నెలలు ఖాతాలో చూపించాలని, చీటీ పాడి తమ ఫీజు 1,50,000 కట్టాలని వాళ్లు చెప్పారు. ప్రోనోటా, నగల తాకట్టా, తోట అమ్మకమా, వీటిలో ఏది మేలన్నది ఆయన ప్రశ్న.

ఇప్పుడు ఈ మూడింటిలో ఏదీ వద్దండీ. ఇలాంటి ఉత్తరాలు కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ తరచుగా వస్తున్నాయి, అన్నింటిలోనూ పొరపాటు ఒకటే కాబట్టి మీ లెక్కను పూర్తిగా విప్పి చెబుతాను. పాయింట్లు ఇంకా చేతికి రాలేదు, దరఖాస్తు చేయమనే ఆహ్వానం అసలే రాలేదు, అప్పు మాత్రం ముందే సిద్ధమైపోతోంది.

మొదట పాయింట్లు చూద్దాం. భార్యతో కలిసి దరఖాస్తు చేసేవారికి 32 ఏళ్లకు 85 పాయింట్లు, 33 నిండితే 80. అంటే మిమ్మల్ని ఇంత భయపెడుతున్న పుట్టినరోజు తీసుకుపోయేది 5 పాయింట్లు. ఇక భాష సంగతి. కెనడా భాషా ప్రమాణంలో తొమ్మిదో స్థాయి రావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున ఉండాలి. మీరు రీడింగ్, స్పీకింగ్‌లలో ఆ స్థాయి అందుకున్నారు, లిజనింగ్, రైటింగ్‌లలో అర బ్యాండ్ చొప్పున తగ్గి ఎనిమిదో స్థాయిలో ఆగారు. ఈ రెండూ పెరిగితే నేరుగా భాషకిచ్చే పాయింట్లు 102 నుంచి 116 అవుతాయి. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి, పద్నాలుగు పాయింట్ల కోసం మళ్లీ పరీక్ష ఎందుకులే అనుకుంటారు. అసలు లాభం చదువు, అనుభవాలను భాషతో జోడించి ఇచ్చే పాయింట్లలో ఉంది. నాలుగు విభాగాల్లోనూ తొమ్మిదో స్థాయి ఉంటేనే మీ బీటెక్‌కు 13 బదులు 25, మూడేళ్లు దాటిన అనుభవానికి 25 బదులు 50 వస్తాయి. ఒక్క విభాగం తగ్గినా ఈ పెంపు రెండుచోట్లా ఆగిపోతుంది. మొత్తం కలిపితే 51 పాయింట్లు. 5 పాయింట్ల కోసం నెలకు 29,000 రూపాయల వడ్డీ ఒప్పుకోవడానికి సిద్ధపడ్డ మీరు, 51 పాయింట్ల కోసం ఇరవై వేల లోపు రుసుముతో మళ్లీ పరీక్ష రాసే మాటను ఉత్తరంలో ఎక్కడా ఎత్తలేదు. పైగా ఆ ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. మీవాటికి తొమ్మిది నెలలే మిగిలాయి, దరఖాస్తు దాఖలు చేసేనాటికి గడువు దాటితే ఆ అంకెలకు విలువ ఉండదు.

మీ భార్య ఎమ్మెస్సీకి వచ్చే 10 పాయింట్లు కలిపినా ఇప్పుడు మీ మొత్తం 347, మళ్లీ రాసి గట్టెక్కితే 398. 2025లో కెనడాలో పని అనుభవం ఉన్నవారి డ్రాలు (ఎక్కువ పాయింట్లున్నవారిని ఆహ్వానించే విడతలు) సైతం 500 పైనే ఆగాయి. ఈ సంగతి మీకు ఏజెన్సీ చెప్పి ఉండాల్సింది.

మీ ఉత్తరంలో మీరే గమనించని ఒక విషయం ఉంది. మీ భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి చూడండి. ఆమె వయసుకు పూర్తిగా 100, మాస్టర్స్‌కు 126, తొమ్మిదో స్థాయి సాధిస్తే భాషకు 116, చదువు, అనుభవాల జోడింపుకు 100, మీ డిగ్రీకి 8, మీ ప్రస్తుత ఫలితాలకే 16, మొత్తం 466 అవుతుంది. ఉపాధ్యాయ వృత్తులకు 2025లో ప్రత్యేక వర్గం పెట్టారు, ఆ ఏడాది ఆ వర్గంలో డ్రాలు 460, 480ల మధ్య ఆగాయి. ఇది హామీ కాదు, ఆమె ఇంకా పరీక్షే రాయలేదు. కానీ మీ ఇంట్లో పరీక్ష రుసుము ముందుగా ఎవరి పేరిట కట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆమె డిగ్రీలు కెనడా చదువులో దేనికి సమానమో తేల్చే మదింపు కూడా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక అప్పు సంగతి. ముగ్గురున్న కుటుంబానికి కెనడా ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించిన, దరఖాస్తుదారు తన దగ్గర ఉన్నట్టు చూపాల్సిన నిధుల మొత్తం 23,360 కెనడా డాలర్లు, మీరు రాసిన పద్నాలుగున్నర లక్షలు అక్కడి నుంచే వచ్చాయి. అయితే ఆ సొమ్ము ఎవరి దగ్గరా అప్పు తెచ్చినది కాకూడదని అదే నిబంధనలో స్పష్టంగా ఉంది. బ్యాంకు ఇచ్చే లేఖలో ఖాతా ఎప్పుడు తెరిచారో, ఇప్పుడు ఎంత నిల్వ ఉందో, గత ఆరు నెలల సగటు ఎంతో రాయాలి, దానితో పాటు మీకున్న రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు కూడా రాయాలి. అదే బ్యాంకులో నగలు తాకట్టు పెడితే ఆ రుణం అదే కాగితం మీదికి ఎక్కుతుంది. ప్రోనోటు బ్యాంకుకు కనిపించదు కదా అని ఏజెన్సీ చెప్పి ఉంటుంది. దాన్ని దాచడం తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది, బయటపడితే ఐదేళ్లు కెనడా తలుపులు మూసుకుపోతాయి. మీ ఒక్కరికే కాదు, మీ దరఖాస్తులో ఉన్న మీ భార్య అవకాశం కూడా దెబ్బతింటుంది.

ఆరు నెలలు చూపిస్తే చాలన్నదీ నిజం కాదు. దరఖాస్తు చేసేనాడే కాక వీసా ఇచ్చేనాడు కూడా ఆ సొమ్ము ఉండాలి. ముందు ఆరు నెలలు, తర్వాత పరిశీలనకు మరో ఆరు నెలలు అనుకున్నా వడ్డీ 29,000 చొప్పున ఏడాదికి 3,48,000. మీ ఇద్దరి జీతాలూ కలిపి 66,000, ఖర్చు పోగా మిగిలేది 27,000. వడ్డీ మీ మిగులును దాటిపోయింది, అసలు తీరడం మాట అలా ఉంచండి. చదువుకున్న ఇంజనీరు, నెలనెలా జీతం వచ్చే మనిషి, ఈ తీసివేత ఒక్కసారి కాగితం మీద వేసుకోకుండా ప్రోనోటు మీద సంతకానికి సిద్ధపడటం నాకు బాధగానూ కోపంగానూ ఉంది.

నేను ప్రతి ఉత్తరానికీ చెప్పే మాట మీకు మరింత గట్టిగా చెప్పాలి. మీకు అత్యవసర నిధి లేదు. బ్యాంకులో ఉన్న 1,90,000 నిధి అనుకుంటున్నారేమో, ఏజెన్సీ ప్రణాళికలో అది టికెట్లకూ మెడికల్ పరీక్షలకూ కేటాయించి ఉంది కాబట్టి అది నిధి కాదు. ఆరు నెలల ఖర్చు, అంటే 2,34,000 రూపాయలు, ఏ పనికీ ముట్టుకోకుండా విడిగా ఉండాలి. మీ విషయంలో దీనికి మరో కారణం ఉంది. మీ జీతం రొయ్యల మేత నుంచి వస్తుంది, మీ నాన్నగారి కౌలు రొయ్యల చెరువు నుంచి వస్తుంది. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు డెల్టా అంతా ఎంత కలవరపడిందో మీరు కర్మాగారంలోనే ఉండి చూశారు. రైతు చెరువులో రొయ్య పిల్లలను వదలడం తగ్గిస్తే మేత అమ్మకం తగ్గుతుంది, ఓవర్‌టైము పోతుంది, కౌలు డబ్బు వాయిదా పడుతుంది, ఇవన్నీ ఒకే నెలలో జరుగుతాయి. ఆ నెలలో 29,000 వడ్డీ కూడా ఉంటే ముందుగా బయటికి పోయేవి మీ భార్య నగలే.

వలస వెళ్లేవారికి ఈ నిధి మరింత అవసరం. పరీక్షలో మొదటిసారి రాకపోతే రెండోసారి రాసే ధైర్యం దీనివల్లే వస్తుంది. అక్కడికి చేరాక ఉద్యోగం దొరకడం ఆలస్యమైనా, ఇక్కడ నాన్నగారు ఆసుపత్రిలో చేరినా ఆదుకునేది ఇదే. కనుక దీన్ని కెనడాకు చూపించే సొమ్ములో కలిపి లెక్కపెట్టకండి, వేరే ఖాతాలో మీ ఇద్దరి పేర్ల మీద ఉంచండి. మీకు తక్కువైంది 44,000 మాత్రమే, అది రెండు నెలల మిగులు. ఆ రెండు నెలలూ మీ భార్య పరీక్షకు తయారవుతారు. మూడో నెల మిగులుతో ఆమె రుసుము, నాలుగో నెల మిగులుతో మీ రుసుము కట్టండి. అప్పటికి మీకు 33 నిండినా ఫరవాలేదు, ఆమె ప్రధాన దరఖాస్తుదారు అయితే మీ వయసుకు పాయింట్లే ఉండవు.

చీటీ ఇప్పుడు పాడకండి. తొందరలో పాడి పోగొట్టుకునే మొత్తం ఆగితే మీదే, పదకొండు నెలలు ఓపిక పట్టండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వం రుసుమేమీ తీసుకోదు కాబట్టి ఈ దశలో 1,50,000 ఎవరికీ ఇవ్వనవసరం లేదు. ప్రభుత్వానికి కట్టే ఖర్చు ఆహ్వానం వచ్చాకే మొదలవుతుంది, 2024 ఏప్రిల్ రుసుముల ప్రకారం పెద్దవారికి 1,525 డాలర్లు, పాపకు 260, మీ ముగ్గురికీ సుమారు రెండు లక్షల రూపాయలు. సహాయం కావాలంటే అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లను నియంత్రించే ‘కాలేజ్’ అనే సంస్థలో నమోదైనవారినే చూసుకోండి. ప్రొవిన్సు నామినేషన్ (కెనడాలోని ఒక రాష్ట్రం మిమ్మల్ని ఎంచుకోవడం) వస్తే 600 పాయింట్లు కలుస్తాయి, ఫ్రెంచి నేర్చుకుంటే 50 వరకు అదనం, రెండింటికీ సమయం పడుతుంది. మీ ఇద్దరికీ టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే పరీక్ష కంటే ముందు అది తీసుకోండి.

తోట గురించి. ఆహ్వానం వచ్చాక అరవై రోజుల్లో దరఖాస్తు వేయాలి, అప్పటికప్పుడు అమ్మబోతే మీ తొందర చూసి కొనేవాడు ధర తగ్గిస్తాడు. అందుచేత నాన్నగారికి అమ్మే ఉద్దేశం నిజంగా ఉందో లేదో ఇప్పుడే అడగండి. ఉంటే పాస్‌పుస్తకం, ఈసీ, సర్వే హద్దులు సరిచూసి పెట్టుకోండి, మీ భార్య ఫలితాలు వచ్చి మొత్తం 460 దాటాకే బేరానికి పెట్టండి. సొమ్ము చెక్కు రూపంలోనే తీసుకుని, నాన్నగారు మీ ఖాతాకు ఇచ్చేటప్పుడు గిఫ్టు పత్రం రాయించి, రిజిస్టరైన దస్తావేజు నకలు దానికి జతచేసి ఉంచండి. అంత సొమ్ము ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చిందని వీసా అధికారి అడిగితే చూపవలసింది ఆ కాగితాలే.